కిటికీ ఊచలు వంగిన రోజు

(కావలిలో పెన్షనర్ల నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు మాట్లాడిన మాటలు. ఫోన్‌లో రికార్డు చేసుకుని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారమండీ. మైకు కాస్త కిందికి దించు నాయనా... ఆ, చాలు.

అధ్యక్షులవారు నన్ను పరిచయం చేస్తూ కంటిజబ్బును జయించిన మాస్టారు అన్నారు. అది ఆయన అభిమానం. నిజం చెప్పాలంటే నా ఎడమకంట్లో నడిమి చూపు పోయింది. అది ఇక రాదు. కుడికన్ను నిలబడింది, అదీ సూదుల మీద నిలబడింది. రెండు కళ్ళకూ వచ్చింది ఒకటే జబ్బు, వయసు మీదపడ్డాక నడిమి చూపును తినేసే మాక్యులా క్షీణత, డాక్టర్లు ఏఎండీ అంటారు. ఒకటి ఎందుకు పోయింది, ఇంకొకటి ఎందుకు మిగిలింది, ఇవాళ చెప్పాలనుకున్నది అదే.

మాటలకు ముందు ఒక పని. అందరూ కుడి అరచేత్తో కుడికన్ను మూయండి. నొక్కొద్దు, ఊరికే కప్పండి. అద్దాలున్నవాళ్ళు అద్దాలు ఉంచుకోండి. ఇప్పుడు నా వెనక గోడకున్న ఫ్లెక్సీ అంచు చూడండి. తిన్నగా ఉందా? సరే. ఇప్పుడు చెయ్యి మార్చి ఎడమకన్ను మూయండి. ఎవరికైనా అంచు వంగినట్టు కనపడినా, ఫ్లెక్సీ మీదున్న మొహాల్లో ఒకదానికి మసి పూసినట్టు ఉన్నా ఇప్పుడు చేతులెత్తక్కర్లేదు. మీటింగ్ అయ్యాక నా దగ్గరికి రండి. మసి ఏ నాయకుడి మొహం మీద ఉందో నాకు చెప్పక్కర్లేదు. (నవ్వులు)

అరనిమిషం పట్టింది కదా. ముప్పై రెండేళ్ళు జెడ్పీ హైస్కూళ్ళలో కన్ను పాఠం చెప్పాను. రంగు సుద్దలతో బోర్డు మీద కన్ను బొమ్మ వేస్తే పక్క సెక్షన్ పిల్లలు కూడా వచ్చి తొంగిచూసేవాళ్ళు. అలాంటివాణ్ణి, ఈ అరనిమిషం పని నా కళ్ళకు నేను ఒక్కసారి కూడా చేసుకోలేదు.

ఏడేళ్ళ కిందటి మాట. రిటైరయ్యాక ఇక్కడే చిన్న ఇల్లు కట్టుకున్నాం. మధ్యాహ్నం అన్నం తిని కుడిపక్కకు తిరిగి పడుకోవడం నాకలవాటు. అలా పడుకుంటే ఎదురుగా కిటికీ. ఒకరోజు చూద్దును గదా, ఊచలు మధ్యలో నొక్కుకుపోయి ఉన్నాయి. నాలుగు ఊచలుంటే నాలుగూ ఒకేచోట. కొత్త ఇల్లాయె, వడ్రంగికి ఇంకా బాకీ కూడా తీరలేదు. ఫోన్ చేసి పిలిచాను. వచ్చాడు పాపం. గుండు దారం వేలాడదీసి చూశాడు. "తిన్నగానే ఉండాయి సార్" అన్నాడు. నేనూ నిలబడి చూశాను, తిన్నగానే ఉన్నాయి. అతను వెళ్ళాక పడుకున్నాను, మళ్ళీ వంకర. రెండోసారి పిలిచాను. "నిలబడితే బాగానే ఉన్నాయి ఆచారీ, పడుకుని చూస్తే వంగుతున్నాయి" అన్నాను. అతను నన్నూ మంచాన్నీ మార్చి మార్చి చూసి, "మీరు పడుకొని చూస్తే నేనేం చేసేది సార్" అన్నాడు. (నవ్వులు)

నవ్వండి, మా ఆవిడ కూడా నవ్వింది. నవ్వి, విషయం తేల్చింది కూడా ఆవిడే. కుడిపక్కకు పడుకుంటే కుడికన్ను దిండులో ఉంటుంది, చూసేది ఎడమకన్నొక్కటే. వంకర కిటికీలో లేదు, మీ కంట్లో ఉంది, ఒకసారి నిలబడి కుడికన్ను మూసి చూడండి అంది. చూశాను. ఊచలు వంగాయి. ఆవిడ చదివింది అయిదో తరగతి. నేను బీఎస్సీ, బీఈడీ.

రెండు కళ్ళూ తెరిచి ఉన్నప్పుడు మంచి కన్ను, చెడ్డ కన్ను లోటును కప్పేస్తుంది. మెదడు మంచి కంటి బొమ్మే తీసుకుంటుంది. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారదు. అందుకే ఈ జబ్బు ఇంట్లో ఏళ్ళ తరబడి అద్దె కట్టకుండా కాపురం ఉంటుంది, మనకు తెలియదు.

ఆవిడ చెప్పిన రోజే నేను పరిగెత్తి ఉండాల్సింది. పోలేదు. ముందు కళ్ళజోళ్ళ అంగడికి పోయి అద్దాలు మార్పించాను. గుణం లేదు. తర్వాత ఎవరో శుక్లం అన్నారు. మన ఊళ్ళలో అరవై దాటినవాళ్ళ కంటికి ఏమొచ్చినా దాని పేరు శుక్లమే గదా. శుక్లమైతే తొందరేముంది, ముదరనీ, సంక్రాంతి పోయాక చూసుకుందాం అనుకున్నాను. అలా నాలుగు నెలలు. ఒక మాట గుర్తుపెట్టుకోండి. శుక్లం వస్తే చూపంతా ఆవిరి పట్టిన అద్దంలా మసకబారుతుంది, గీతలు వంగవు. గీత వంగిందంటే గొడవ కంటి ముందరి అద్దంలో కాదు, వెనకనున్న పొరలో. శుక్లాన్ని ముదరనివ్వడం పాత పద్ధతి, ఇప్పుడు దానికే అవసరం లేదంటున్నారు. ఇక దీన్ని ముదరనిస్తే మిగిలేది మచ్చ.

ఇప్పుడు పాఠం. భయపడకండి, పరీక్ష పెట్టను.

కంటి వెనక గోడకు లోపలివైపు అంటుకున్న పొర రెటీనా, మన పుస్తకాల్లో నేత్రపటలం. దాని నడుమ పచ్చచుక్క అని పిల్లలకు చెప్పేవాళ్ళం. డాక్టర్లు మాక్యులా అంటారు. అయిదారు మిల్లీమీటర్లు ఉంటుంది, అంటే పెసరగింజంత. దాని నడుమ ఇంకా పదునైన చోటు ఒకటి ఉంది, ఆవగింజంత. చదవడం, సూదిలో దారం ఎక్కించడం, మొహం గుర్తుపట్టడం, బియ్యంలో రాయి ఏరడం, అన్నీ ఆ పెసరగింజ మీదే జరుగుతాయి. మిగతా రెటీనా అంతా పక్కచూపు, నడక చూపు. అందుకే ఈ జబ్బు వచ్చినవాడు గదిలో బల్లకు తగలకుండా నడిచిపోతాడు, కానీ బల్ల మీదున్న ఉత్తరం చదవలేడు. చూసేవాళ్ళకు అది నాటకంలా ఉంటుంది.

రెటీనా కణాల కింద ఇంకో పొర ఉంది. పైన పనిచేసే కణాలు రోజూ అరిగిపోయిన తునకలు రాలుస్తుంటాయి. కింది పొర వాటిని మింగి శుభ్రం చేస్తుంది. మున్సిపాలిటీ పనే. వయసు మీద పడేకొద్దీ ఊడ్చేవాళ్ళు అలసిపోతారు, చెత్త కుప్పలు పడుతుంది. ఆ కుప్పల పేరు డ్రూజెన్. కంటి వెనక ఫోటో తీస్తే పసుపు చుక్కల్లా కనపడతాయి. అలా అలా ఆ పొర పలచబడి, పైన కణాలు మెల్లగా చచ్చిపోతే అది పొడి రకం. ఈ జబ్బు ఉన్నవాళ్ళలో పదిమందికి ఎనిమిది తొమ్మిది మందికి ఇదే. ఏళ్ళ మీద జరుగుతుంది.

రెండోది తడి రకం. నాకొచ్చింది ఇదే. పాతగోడ పగుల్లో రావిమొక్క మొలవడం చూశారు కదా. వేరు కిందకు పోయి బండల్ని లేపుతుంది. అలాగే రెటీనా కిందనుంచి పనికిమాలిన రక్తనాళాలు మొలుస్తాయి. అవి నాసిరకం గొట్టాలు, కారతాయి. నీరో నెత్తురో చేరి నేల ఉబ్బుతుంది. నేల ఉబ్బితే దాని మీద పరిచిన చాప ముడతపడుతుంది. ముడతపడ్డ చాప మీద పడిన కిటికీ ఊచ తిన్నగా ఎలా కనపడుతుంది? మా ఆచారి తప్పేమీ లేదు. ఆ తర్వాత అతనికి బాకీ తీర్చి, పైన ఒక పంచె కూడా పెట్టాను.

పొడి రకం ఉన్నవాళ్ళకు ఏ రోజైనా తడి మొదలవ్వచ్చు. నెమ్మదిది కదా అని పొడివాళ్ళు కళ్ళు మూసుకుని కూర్చోకూడదు. ఒక్కో కన్నే మూసుకుంటూ ఉండాలి.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. ఇంతవరకూ బయట ఎక్కడా చెప్పలేదు.

మాది కొండపి దగ్గర పల్లె. పొగాకు కుటుంబం. అమ్మకు డెబ్బై దాటాక చూపు తగ్గింది. అప్పట్లో చూపిస్తే వయసు, కంటి నరం ఎండిపోయింది, చేసేదేమీ లేదన్నారు. ఆ మాట ఆ రోజుల్లో అబద్ధం కాదు, నిజంగానే చేసేదేమీ లేదు. కొన్నాళ్ళకు అమ్మ మా చిన్న మరదలితో మెల్లగా చెప్పిందంట. బావి గట్టు మీద పిల్లలు కూర్చుని ఉన్నారు, పరికిణీలు కట్టుకున్న ఆడపిల్లలు, జానెడు ఎత్తు ఉంటారు, అందరివీ రంగురంగుల బట్టలు, ఒక్కరూ మాట్లాడరు అని. బావి గట్టు మీద ఎవరూ లేరు. ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. గాలి సోకిందన్నారు. కసుమూరు దర్గాకు తీసుకుపోదామన్నారు పెద్దలు. పోయారు కూడా. తిరిగొచ్చాక పిల్లలు పోయారా అని అడిగితే పోయారు అంది అమ్మ. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

పోలేదండీ. అడిగితే పిచ్చిదంటారని ఊరుకుంది. నాకు తెలుసు ఇప్పుడు. పొద్దుగూకే వేళ బావివైపు తిరిగి కూర్చుని, పెదాలమీద చిన్న నవ్వుతో అలాగే చూస్తూ ఉండేది. ఏందమ్మా అంటే ఏం లేదయ్యా అనేది.

ఇది దయ్యమూ కాదు, పిచ్చీ కాదు. నడిమి చూపు పోయినవాళ్ళలో చాలామందికి ఇలా కనపడుతుంది. 1760లో షార్ల్ బొనే అని స్విట్జర్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త, తన తాతగారు ముసలితనంలో చూసిన ఇలాంటి బొమ్మల గురించి రాశాడు. అందుకని ఆయన పేరే దీనికి పెట్టారు. కంటినుంచి బొమ్మలు రావడం తగ్గితే మెదడు చేతులు ముడుచుకుని కూర్చోదు. తెర ఖాళీగా ఉందని తనే తోలుబొమ్మలాట మొదలుపెడుతుంది. బొమ్మలు కదులుతాయి గానీ మాట్లాడవు. చూసేవాళ్ళకు అవి నిజం కావని తెలుస్తూనే ఉంటుంది. నాకూ రెండుసార్లు తెల్లగోడ మీద తీగల అల్లిక కనపడింది. కళ్ళు గట్టిగా ఆర్పి, అటూ ఇటూ తిప్పి, లైటు వేస్తే పోయింది. మీ ఇంట్లో చూపు తగ్గిన పెద్దవాళ్ళుంటే మీరే అడగండి: ఏమన్నా బొమ్మలు కనపడుతున్నాయా, కనపడితే భయం లేదు, ఇది కంటి సంగతే, అని. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు. మా అమ్మకు ఆ ఒక్క ముక్క చెప్పేవాళ్ళు లేకపోయారు. పాఠం చెప్పుకుని బతికిన కొడుకు ఉండి కూడా.

(కాసేపు ఆగారు.)

మంచినీళ్ళు... థాంక్స్ అమ్మా.

అమ్మకు వచ్చింది నాకూ వచ్చింది. ఇందులో వంశం పాత్ర ఉంది. 2005లో దీనికి సంబంధించిన ఒక ముఖ్యమైన జన్యువును కనిపెట్టారు, కాంప్లిమెంట్ ఫ్యాక్టర్ హెచ్ అంటారు. ఆ జన్యువులో తేడా ఉన్నంత మాత్రాన జబ్బు రావాలనేం లేదు, వచ్చే వీలు జాస్తి. అందుకే మా తమ్ముణ్ణీ చెల్లెల్నీ ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించి వెనక భాగం చూపించుకోమని వెంటపడతాను. ఈ జబ్బు మామూలుగా యాభై దాటాకే, అరవై డెబ్బైల్లో ఇంకా ఎక్కువ. వయసునూ వంశాన్నీ ఎవరూ మార్చుకోలేరు.

మార్చుకోగలిగిన వాటిలో అన్నిటికన్నా పెద్దది పొగ. ఈ మాట ఇక్కడ చెప్పడం ఇబ్బందే. ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు, కలిగిరి, ఎటు పోయినా పొగాకు వేలం కేంద్రమే. బ్యారన్‌లో, అంటే పొగాకును వేడికి ఆరబెట్టే కొట్టంలో, ఆకు కాల్చిన డబ్బులతోనే మా నాన్న నన్ను చదివించాడు. ఆ పంటను తిట్టే నోరు నాకు లేదు. కానీ నేను ఇరవై ఏడేళ్ళు సిగరెట్లు కాల్చాను. కాల్చేవాళ్ళకు ఈ జబ్బు ముప్పు, కాల్చనివాళ్ళకన్నా రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువని లెక్క. చుట్ట మంచిదే సిగరెట్టే చెడ్డది అని వాదించేవాళ్ళు వెనక బెంచీలో ఉన్నారు, నాకు కనపడకపోయినా తెలుసు. (నవ్వులు) కంటికి ఆ తేడా తెలియదు.

సరే, వైద్యం.

నెల్లూరులో రెటీనా డాక్టరు దగ్గరికి పోయాను. చుక్కలు వేశారు, కంటిపాప పెద్దదైంది, రెండు గంటలు వెలుతురు చూడలేకపోయాను. కాబట్టి తోడు లేకుండా పోవద్దు. ఓసీటీ అని స్కాన్ తీశారు. గడ్డం ఆనించి ఒక వెలుగు చూడటమే, ముట్టుకోరు. రెటీనాను పొరలు పొరలుగా కోసి చూపించినట్టు బొమ్మ వస్తుంది. నా బొమ్మలో మధ్యన గుట్టలా లేచి ఉంది, గుట్ట కింద నల్లగా నీరు. తర్వాత చేతి నరంలోకి పసుపు రంగు మందు ఎక్కించి ఫోటోలు తీశారు. ఆ పూటంతా మూత్రం ముదురు పసుపుగా వస్తుంది, ముందే చెప్పకపోతే హడలిపోతాం. "ఎన్నాళ్ళయింది" అని అడిగారు. "మొన్నటినుంచి" అన్నాను. డాక్టరుకే అబద్ధం! స్కాన్ చూస్తూ ఆయన ఏమీ అనలేదు.

కంట్లో ఇంజెక్షన్ వేయాలన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కంట్లో నలుసు పడితేనే ఓర్చుకోలేం, సూది ఏంటండీ! ఆ భయంతోనే చాలామంది ఇంటికి తిరిగిపోతారు. అందుకే ఉన్నది ఉన్నట్టు చెబుతాను. మత్తు చుక్కలు వేస్తారు, కాస్త మంట. అయోడిన్ మందుతో కంటి చుట్టూ, లోపలా కడుగుతారు, అదొక్కటే నిజంగా మండేది. మొహం మీద గుడ్డ కప్పి, రెప్పలు మూసుకోకుండా చిన్న క్లిప్పు పెడతారు. పైకి చూడమంటారు. సూది నల్లగుడ్డులోకి కాదు, దాని అంచునుంచి మూడున్నర నాలుగు మిల్లీమీటర్లు పక్కకు, తెల్లగుడ్డులోంచి పోతుంది. వెంట్రుకంత సూది. లోపలికి పోయే మందు ఒక్క చుక్క. ఎవరో వేలితో నొక్కినట్టు ఉంటుంది, అయిపోయింది లేవండి అంటారు. పంటి డాక్టరు దగ్గర దీనికంటే ఎక్కువ కేకలు పెట్టాను.

ఆ సాయంత్రం చూపులో నల్లటి గుండ్రాలు తేలుతూ కనపడచ్చు, అవి గాలి బుడగలు, ఒకటి రెండు రోజుల్లో పోతాయి. తెల్లగుడ్డు మీద గోరింటాకు అంటినట్టు ఎర్రమచ్చ రావచ్చు, అదీ పోతుంది. భయపడాల్సింది వేరే ఉంది. నొప్పి, ఎరుపు రోజురోజుకూ పెరిగి చూపు పడిపోతుంటే అది లోపల చీము పట్టే లక్షణం. కొన్ని వేల ఇంజెక్షన్లలో ఒకదానికి వస్తుంది. వచ్చిందా, ఆదివారమా అమావాస్యా అని చూడొద్దు, ఆ గంటే ఆస్పత్రికి. వాళ్ళు చెప్పినన్ని రోజులు తలస్నానం ఆపండి, కన్ను నలపొద్దు.

ఆ ఒక్క చుక్క ఏం చేస్తుంది? వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ కొత్త రక్తనాళాలను రమ్మని పిలుస్తుంది. ఈ మందు దాని నోరు కట్టేస్తుంది. దీని కథ కూడా చిత్రమే. 2004లో పెద్దపేగు క్యాన్సర్‌కని అమెరికాలో అనుమతి వచ్చిన మందు బెవాసిజుమాబ్. మరుసటి ఏడాదే కంటి డాక్టర్లు దాన్ని కంట్లో వేసి చూశారు, కారడం ఆగింది. 2006లో కంటికోసమే తయారైన రానిబిజుమాబ్ వచ్చింది, 2011లో అఫ్లిబెర్సెప్ట్, 2022లో ఫారిసిమాబ్. 2015లో రానిబిజుమాబ్‌కు చవకైన జోడు మందు మన దేశంలోనే తయారై వచ్చింది. ధరలు మాత్రం నక్కకూ నాగలోకానికీ ఉన్నంత తేడా. ఖరీదైనది వేయించుకోలేమని చిన్నబుచ్చుకోకండి. మొదటి రెంటినీ పక్కపక్కన పెట్టి అమెరికాలో పెద్ద పరిశీలన చేశారు, 2011లో ఫలితం వచ్చింది, చూపు నిలబెట్టడంలో రెండూ దాదాపు సమానం. ఒకసారి ఖరీదైనది వేయించుకుని మానేయడం కంటే, తట్టుకోగలిగినది విడవకుండా వేయించుకోవడం మేలు. ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం ఈహెచ్ఎస్ కార్డు మీద ఏది వస్తుంది, ఏది రాదు అన్నది ముందే కౌంటర్లో అడగండి. మొహమాటం వద్దు.

మొదట నెలకొకటి చొప్పున మూడు. తర్వాత స్కాన్ చూసి ఆరు వారాలు, ఎనిమిది, పన్నెండు ఇలా దూరం జరుపుతారు. ఇది టీకా కాదు, పొలానికి తడి పెట్టినట్టు. మూడో ఇంజెక్షన్‌కు నా ఊచలు చాలావరకు తిన్నబడ్డాయి. అదే కొంప ముంచింది. బాగానే ఉంది కదా, ఇంకెందుకు అనుకున్నాను. అమ్మాయి పురుడు, వరి కోతలు, ఏవో సాకులు. అయిదు నెలలు పోలేదు. ఒకరోజు పొద్దున లేచి చూస్తే ఎడమకంటి ముందు ముదురు ఎరుపు మచ్చ, నెత్తురు కమ్మింది. మళ్ళీ సూదులు వేశారు, కానీ అక్కడ గాయం మాని మచ్చ కట్టేసింది. డాక్టరు తప్పు లేదు, మందు తప్పు లేదు.

కుడికన్ను కథ పొట్టిది. 2021లో, రోజూ కళ్ళు పరీక్షించుకోవడానికి ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్న గళ్ళ కాగితంలో ఒక్క గడి నొక్కినట్టు కనపడింది. అంతే, ఒక్క గడి. అప్పటికి పేపరు చదువుతున్నాను, అన్నీ బాగానే కనపడుతున్నాయి. నాలుగో రోజుకు ఇంజెక్షన్ పడింది. ఇప్పటికి ఇరవై మూడు. ఈ ప్రసంగం పాయింట్లు పెద్ద అక్షరాలతో రాసుకుని ఈ కంటితోనే చూస్తున్నాను.

పొడి రకం వాళ్ళ సంగతి. దానికి ఈ సూదులు పనిచేయవు. 2023లో అమెరికాలో బాగా ముదిరిన పొడి రకానికి రెండు ఇంజెక్షన్లకు అనుమతి వచ్చింది. పాడవడాన్ని నెమ్మదింపజేస్తాయి, పోయిన చూపు తేవు. మాత్రలున్నాయి. అమెరికాలో 2001లో తేలిన పరిశోధన ప్రకారం, జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్ళకు విటమిన్ సీ, ఈ, జింక్ వగైరా కలిపిన మాత్ర, ముదిరే ముప్పును నాలుగో వంతు తగ్గించింది. 2013లో అందులోంచి బీటా కెరోటిన్ తీసేసి ల్యూటిన్, జియాజాంథిన్ పెట్టారు. ఎందుకంటే పొగతాగేవాళ్ళలో బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు పెంచుతుంది. కాబట్టి మందుల షాపులో కళ్ళకు మంచి మాత్ర ఇమ్మని అడిగి తెచ్చుకోవద్దు. జబ్బే లేనివాళ్ళకు దాంతో ఉపయోగం లేదు.

తిండి అంటారా, తోటకూర, పాలకూర, మునగాకు, పొన్నగంటికూర బాగా తినండి, ఆ ల్యూటిన్ వాటిలోనే ఉంది. పొన్నగంటి రసం కంట్లో పిండుకోవద్దు, కూర వండుకుని తినాలి. చేపలు మంచివే. నెల్లూరు చేపల పులుసుకు నా సర్టిఫికెట్టు అక్కర్లేదు గానీ, చేపనూనె మాత్రలతో మాత్రం ఆ పరిశోధనలో అదనపు లాభం కనపడలేదు. పులుసే తినండి.

ఇక రోజు గడవడం. దీనికి సూదులంత ప్రాముఖ్యం ఉంది, ఆస్పత్రిలో ఎవరికీ చెప్పే తీరిక ఉండదు.

అన్నిటికన్నా బాధపెట్టింది మొహాలు. జబ్బు జాస్తిగా ఉన్న రోజుల్లో ట్రంకు రోడ్డు మీద పాత విద్యార్థి ఎదురొచ్చి నమస్కారం పెడితే, చొక్కా కనపడేది, చెప్పులు కనపడేవి, మొహం ఉండాల్సిన చోట పొగ. పలకరించకుండా పోయేవాణ్ణి. మాస్టారికి పెన్షన్ పెరిగి పొగరొచ్చిందనుకున్నారు. ఇప్పుడు నేనే ముందుగా "ఎవరు నాయనా, కళ్ళు సరిగ్గా లేవు, గొంతు వినిపించు" అంటాను. మొదటిసారి అనడానికి సిగ్గేసింది, తర్వాత అలవాటైంది.

నడిమి చూపు పోయినవాళ్ళు నేరుగా కాకుండా కాస్త పక్కకు చూస్తే బొమ్మ మంచి చోట పడుతుంది. పైకా, కుడికా, ఎటు చూస్తే బాగా కనపడుతుందో ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. కొన్ని వారాలు సాధన చేయాలి. వయ్యారంగా ఓరచూపులు చూస్తున్నాడని ఎవరన్నా అంటే అననీయండి.

వెలుతురు ముఖ్యం. గదికి పెద్ద లైటు కంటే పుస్తకం మీదకు వంచుకునే చిన్న లైటు మేలు. రంగు తేడా ఇంకా ముఖ్యం. మా ఇంట్లో తెల్ల గ్లాసులో మజ్జిగ పోస్తే ఎంతవరకు పోశానో తెలియక పొంగి పంచె మీద పడేది. నల్ల కప్పు తెచ్చారు, సమస్య తీరింది. స్టవ్ మీట ఆపిన స్థానంలో మా మనవరాలు ఎర్ర గోళ్ళరంగు చుక్క పెట్టింది. మెట్ల అంచులకు పసుపు పెయింట్ గీత వేయించాను. స్కూటర్ అమ్మేశాను. అది అమ్మిన రోజు అన్నం సయించలేదు, దాచడమెందుకు.

నోట్లు పట్టుకుని చూసే చిట్కా ఒకటి. కొత్త నోట్లకు రెండంచుల్లో చేతికి తగిలేలా ఉబ్బెత్తు గీతలుంటాయి. వందకు నాలుగు, అయిదొందలకు అయిదు, రెండొందలకు నాలుగు గీతల మధ్యన రెండు సున్నాలు. పొడవు కూడా వందకూ రెండొందలకూ నాలుగు మిల్లీమీటర్లు, రెండొందలకూ అయిదొందలకూ ఇంకో నాలుగు తేడా. రిజర్వ్ బ్యాంకువాళ్ళు 2020లో మణి అని ఒక యాప్ తెచ్చారు, నోటు ముందు ఫోన్ పెడితే ఎంతో చెబుతుంది. కూరగాయల సంతలో అంత తీరిక ఉండదు, వేళ్ళే నయం.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(ఫోన్ ఎక్కువగా చూస్తే వస్తుందా అని ఒకరు అడిగారు.) ఫోన్ వల్ల ఈ జబ్బు రాదండీ. కళ్ళు పొడిబారతాయి, మెడ నొప్పి వస్తుంది, ఇంట్లో తిట్లు వస్తాయి. ఇది మాత్రం రాదు.

(షుగర్ ఉన్నవాళ్ళకు వచ్చేది ఇదేనా అని ఒకావిడ అడిగారు.) కాదమ్మా, షుగర్ వల్ల రెటీనా పాడవడం వేరే జబ్బు. దానికీ కొన్నిసార్లు ఇవే సూదులు వేస్తారు, అందుకే గందరగోళం. షుగర్ ఉంటే చూపు బాగున్నా సరే ఏడాదికోసారి చూపించుకోవాల్సిందే.

(దీంతో పూర్తిగా చీకటైపోతుందా అని వెనకనుంచి ఎవరో అడిగారు.) పూర్తి చీకటి కాదు. పక్కచూపు ఉంటుంది. మా అమ్మ చివరిదాకా తన పని తనే చేసుకుంది, పెరట్లోకి ఒంటరిగా పోయొచ్చేది. శుక్లం కూడా ఉంటే ఆపరేషన్ చేయించుకోవచ్చు, కాస్త వెలుతురు పెరుగుతుంది, కానీ నడిమి మచ్చ దాంతో పోదని తెలిసి చేయించుకోండి. మూలకణాలతో చూపు తెప్పిస్తామని ఫోన్లకు ప్రకటనలొస్తున్నాయి, వాటికి డబ్బు కట్టొద్దు.

ఇంకేం లేకపోతే, తలుపు దగ్గర మా మనవరాలు నిలబడి ఉంది, ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇస్తుంది. 20 అడ్డగడులు, 20 నిలువుగడులు, ఒక్కో గడి అర సెంటీమీటరు, నడుమ ఒక నల్లచుక్క. ఆమ్స్లర్ అనే స్విస్ కంటి డాక్టరు పద్ధతి. ఫ్రిజ్ మీదో పూజగది తలుపు మీదో అంటించుకోండి. చదివే అద్దాలు పెట్టుకుని, అడుగు దూరంలో, ఒక్కో కన్ను మూసి నడిమి చుక్కనే చూడాలి. రోజూ కాఫీ తాగేముందు. ఇంట్లో ఇద్దరుంటే రెండు కాగితాలు తీసుకోండి, నూటయాభై ఉన్నాయి. నిన్న రాత్రి పదకొండు దాకా కూర్చుని స్కేలుతో ఒకటి గీసి మా పాపే జిరాక్స్ తీయించింది. రేపు పొద్దున ఎవరికైనా అందులో గీతలు వంకరగా కనపడితే పిల్లను అనుమానించకండి. నేను రెండు కళ్ళతో విడివిడిగా చూశాను, కుడికంటితో చూస్తే తిన్నగానే ఉన్నాయి.